అట్ట మీద పేరు ఎవరిది? ఐరిష్ జాతీయోద్యమంలో రచయిత్రులూ పత్రికలూ

1896 జనవరిలో బెల్‌ఫాస్ట్ నుంచి ఒక మాసపత్రిక వెలువడింది. పేరు ‘షాన్ వాన్ వోఖ్ట్’. పేద ముసలమ్మ అని ఆ ఐరిష్ మాటకు అర్థం. 1798 తిరుగుబాటు నాటి పాటలో ఐర్లాండుకే ఆ పేరు. పన్నెండేళ్ల తర్వాత డబ్లిన్‌లో ఇంకొకటి మొదలైంది, ‘బాన్ న హేరన్’. ఐర్లాండు స్త్రీ అని అర్థం. మొదటిదాన్ని నడిపింది ఇద్దరు స్త్రీలు. రెండోదానికి సంపాదకురాలు పాతికేళ్ల యువతి.

ఐర్లాండు జాతీయవాద సాహిత్యంలో దేశం ఎప్పుడూ స్త్రీ రూపమే. మనకు భారతమాత పటం ఎంత పరిచయమో అక్కడివాళ్లకు ఆ ముసలమ్మ అంత పరిచయం. ఉన్నదంతా పోగొట్టుకుని గుమ్మం గుమ్మం తిరుగుతుంది. ఆమె కోసం పడుచువాళ్లు ప్రాణాలిస్తారు. 1902 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో ఆడిన ‘కాథ్లీన్ నీ హూలిహాన్’ నాటకం ఈ బొమ్మను ఒక తరం మనసులో నాటేసింది. ముసలమ్మ వేషం కట్టింది మాడ్ గాన్. నాటకకర్తగా చలామణీ అయిన పేరు డబ్ల్యూ. బి. యేట్స్‌ది. అందులో ఎక్కువ భాగం లేడీ గ్రెగరీ రాసిందని రాతప్రతులు పరిశీలించినవాళ్లు చాలా కాలానికి తేల్చారు. బొమ్మ స్త్రీది, దానికి మాటలు కూర్చింది స్త్రీ, వేదిక మీద పలికింది స్త్రీ. అట్ట మీద పేరు మాత్రం చాలాకాలం మగవాడిది ఒక్కటే.

గత నలభై ఏళ్లలో ఈ విషయం మీద వచ్చిన పరిశోధన చాలావరకు ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: దేశం ముందా, ఓటు ముందా? జాతీయవాద స్త్రీలూ ఓటుహక్కు ఉద్యమ స్త్రీలూ ఎక్కడ కలిశారు, ఎక్కడ విడిపోయారు? అది అడగవలసిన ప్రశ్నే. అయితే అంతకన్నా ముందు ఇంకొకటి అడగాలని నాకు అనిపిస్తుంది. పత్రిక ఎవరిది? అచ్చుకు డబ్బు ఎవరు తెచ్చారు, ఏ వ్యాసం వెయ్యాలో ఎవరు తేల్చారు, నాయకులు జైలు నుంచి తిరిగొచ్చాక ఆ కుర్చీ ఎవరికి దక్కింది? ఈ కొలతతో చూస్తే పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి ఐర్లాండు స్వతంత్ర రాజ్యం ఏర్పడేదాకా జరిగిన కథ కాస్త వేరుగా కనిపిస్తుంది.

‘ది నేషన్’ వారపత్రిక 1842 అక్టోబరు 15న మొదలైంది. చార్ల్స్ గవన్ డఫీ, థామస్ డేవిస్, జాన్ బ్లేక్ డిలన్ దాన్ని పెట్టారు. యువ ఐర్లాండు బృందానికి అదే గొంతు. ఆ పత్రికకు కవితలు పంపిన స్త్రీలు చాలామంది, ఎక్కువగా మారుపేర్లతోనే. ‘ఈవా’ అంటే గాల్వే ప్రాంతపు మేరీ కెల్లీ. ‘మేరీ’ అంటే కార్క్ నగరపు ఎలెన్ డౌనింగ్. ‘స్పెరాంజా’ అంటే జేన్ ఎల్గీ, తర్వాతి రోజుల్లో ఆస్కార్ వైల్డ్ తల్లి. ఇటాలియన్‌లో ఆ పేరుకు ఆశ అని అర్థం. బ్రిటిష్ పాలనను సమర్థించే ప్రొటెస్టెంట్ కుటుంబం ఆమెది. పత్రికకు మొదట రాసిన ఉత్తరాల కింద ఒక మగవాడి పేరు పెట్టుకుంది. బంగాళాదుంప పంటకు తెగులు తగిలి 1845 నుంచి ఏడేళ్లలో పదిలక్షల మంది ఆకలికీ జబ్బులకీ చనిపోయిన కాలం అది. ఇంకో పదిలక్షల పైచిలుకు మంది ఓడలెక్కి దేశం విడిచారు. ధాన్యం ఓడల మీద బయటికి పోతుంటే జనం రోడ్డు పక్కన పడి చనిపోవడం గురించి ఆమె రాసిన కవితలు ఆ కోపంలోంచి పుట్టినవే.

1848 జూలైలో డఫీని న్యూగేట్ జైల్లో పెట్టారు. పత్రిక ఆగలేదు. అతని బంధువు మార్గరెట్ కాలన్, జేన్ ఎల్గీ కలిసి సంచిక తయారుచేశారు. జూలై 29 నాటి సంచికలో ఎల్గీ రాసిన సంపాదకీయం నేరుగా సాయుధ తిరుగుబాటుకు పిలుపు. ప్రభుత్వం ఆ సంచికను పట్టేసింది. విచిత్రంగా అదే రోజు టిప్పరరీలోని బాలింగరీలో తిరుగుబాటు మొదలై, ఒక విధవరాలి ఇంటి పెరట్లోనే ముగిసిపోయింది. ఆ వ్యాసాన్ని డఫీ మీద సాక్ష్యంగా పెట్టినప్పుడు ఎల్గీ కోర్టు హాలులో లేచి నిలబడి అది తన రాతేనని ప్రకటించిందన్న కథ ఆనాటి నుంచీ చెప్పుకుంటూనే ఉన్నారు. చెప్పినవాళ్లను బట్టి వివరాలు మారతాయి. ఆమెను మాత్రం ఎవరూ విచారించలేదు. అంతటి రాజద్రోహం ఆడపిల్ల రాయగలదని ఒప్పుకోవడం సర్కారుకు ఇష్టం లేకపోయి ఉండాలి. రాత మారుపేరు వెనక ఉంటే శిక్ష పడదు, గుర్తింపూ రాదు.

మగ నాయకులు జైల్లో ఉన్నప్పుడు పత్రిక స్త్రీల చేతికి రావడం అక్కడ మొదలైంది. ముప్పై మూడేళ్ల తర్వాత మళ్లీ జరిగింది, ఇంకా పెద్ద ఎత్తున.

1879లో పుట్టిన భూమి సంఘం కౌలు రైతుల పక్షాన భూస్వాములతో పోరాడింది. దాని అధ్యక్షుడు చార్ల్స్ స్టూవర్ట్ పార్నెల్. అతని చెల్లెళ్లలో ఇద్దరు, ఫానీ, ఆనా, అన్నకు తీసిపోని రాజకీయ బుద్ధి ఉన్నవాళ్లు. ఫానీ పదిహేనేళ్లు దాటాయో లేదో అప్పుడే రహస్య విప్లవ సంఘమైన ఫీనియన్ల పత్రికకు కవితలు రాసింది. తర్వాత అమెరికా నుంచి రాసిన కవితలు పొలాల్లో జనం పాడుకున్నారు. ఆనా మాత్రం వచనం మనిషి. లండన్ పార్లమెంటులో స్త్రీలు కూర్చునే గది ముందు ఇనుప జాలి ఉండేది. ఆ జాలి వెనక కూర్చుని తన అన్న, అతని సహచరులు సభను ఎలా స్తంభింపజేశారో చూసి 1880లో ఒక అమెరికన్ పత్రికకు వ్యాసాలు పంపింది. ఐరిష్ రాజకీయాల మీద ఒక స్త్రీ రాసిన మంచి రిపోర్టింగ్ అంటే నాకు మొదట గుర్తొచ్చేవి అవే.

1881 జనవరి 31న మహిళా భూమి సంఘం డబ్లిన్‌లో ఏర్పడింది. ఆ అక్టోబరులో పార్నెల్‌నూ మిగతా నాయకులనూ కిల్‌మెయిన్‌హమ్ జైల్లో పెట్టి సంఘాన్ని నిషేధించారు. ‘యునైటెడ్ ఐర్లాండ్’ వారపత్రిక సంపాదకుడు విలియం ఓబ్రయన్‌నూ పట్టుకుపోయారు. ఖాళీ చేయించిన రైతులకు గుడిసెలు వేయించడం, ఖైదీల కుటుంబాలకు డబ్బు పంపడం, ఊరూరా లెక్కల పుస్తకాలు నిర్వహించడంతోపాటు పత్రికను బతికించడం కూడా స్త్రీల మీదే పడింది. పోలీసులు ఒకచోట మూయిస్తే ఇంకోచోట అచ్చు. నవలాకారిణి హానా లించ్ అచ్చు అక్షరాలు మూటగట్టుకుని పారిస్ వెళ్లి అక్కడి నుంచి పత్రిక తెచ్చింది. అరెస్టయిన స్త్రీలలో కొందరిని రాజకీయ ఖైదీలుగా కాకుండా, వీధి వేశ్యల మీద వాడే పాత చట్టం కింద శిక్షించారు. అవమానించడమే ఆ చట్టం ఎంపికలోని ఉద్దేశం.

1882 మేలో పార్నెల్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని బయటికొచ్చాడు. ఆ ఆగస్టుకల్లా డబ్బు ఆపేసి మహిళా సంఘాన్ని రద్దు చేయించాడు. ఫానీ అంతకు ముందు నెలే అమెరికాలో చనిపోయింది. ఆనా అన్నతో మళ్లీ మాట్లాడలేదు. 1907లో ఆమె ‘ది టేల్ ఆఫ్ ఎ గ్రేట్ షామ్’ రాసింది. భూమి సంఘం తన మాట మీద తాను ఎక్కడ నిలబడలేదో, కౌలు కట్టవద్దన్న పిలుపు ఎంత సన్నాహం లేకుండా ఇచ్చారో తేదీలతో, లెక్కలతో వివరించిన పుస్తకం అది. నిందల పుస్తకమని కొందరు పక్కన పెట్టారు. నాకు మాత్రం ఆ ఉద్యమం మీద వచ్చిన పుస్తకాల్లో ఇంత నిష్ఠూరంగా, ఇంత స్పష్టంగా విధానం గురించి ఆలోచించింది ఇంకొకటి కనిపించలేదు. 1911లో ఆనా ఇంగ్లండు తీరంలో ఈతకు దిగి మునిగి చనిపోయింది. పుస్తకం 1986 దాకా అచ్చు కాలేదు.

ఈ నేపథ్యంలో చూస్తేనే బెల్‌ఫాస్ట్ ముసలమ్మ విలువ తెలుస్తుంది. ఓమా పట్నపు మెథడిస్ట్ కుటుంబంలో పుట్టిన ఆలిస్ మిలిగన్, ఫీనియన్ కలప వ్యాపారి కూతురు ఆనా జాన్‌స్టన్ (‘ఎత్నా కార్బరీ’ ఆమె కలం పేరు) 1895లో ‘నార్తర్న్ పేట్రియట్’ అనే పత్రికకు సంపాదకత్వం వహించారు. అది ఒక సాహిత్య సంఘం సొత్తు. మూడు సంచికలకే పేచీ వచ్చి బయటికొచ్చారు. వచ్చినవాళ్లు ఇంకొకరి పత్రిక వెతుక్కోలేదు, సొంతం పెట్టుకున్నారు. ‘షాన్ వాన్ వోఖ్ట్’ 1899 ఏప్రిల్ దాకా నెలనెలా వచ్చింది. కవితలూ, కథలూ, 1798 నూరేళ్ల పండగ సన్నాహాలూ, ఊళ్లలోని ఐరిష్ భాషా తరగతుల వార్తలూ అందులో ఉండేవి. రాసింది, దిద్దింది, చుట్టి టపాలో వేసింది వాళ్లిద్దరే. 1897లో జేమ్స్ కానలీ సోషలిజం గురించి వ్యాసం పంపితే మిలిగన్ అచ్చు వేసింది. అతని ఎన్నికల దారితో తాను ఏకీభవించనని చెబుతూనే వేసింది. కానలీ అప్పటికి పేరున్న మనిషేమీ కాడు. అది సొంత పత్రిక కాబట్టి చేయగలిగిన సాహసం.

డబ్బు చాలక పత్రిక మూసేటప్పుడు చందాదారుల జాబితాను వాళ్లు ఆర్థర్ గ్రిఫిత్ కొత్తగా పెట్టిన ‘యునైటెడ్ ఐరిష్‌మన్’కు అప్పగించారు. గ్రిఫిత్ తర్వాత షిన్ ఫేన్ ఉద్యమకర్త అయ్యాడు. ఆ పేరు కూడా అతనికి సూచించింది మేరీ బట్లర్ అనే పాత్రికేయురాలు. ఇంటి పొయ్యి దగ్గరే జాతి నిలుస్తుందని, వేదికలెక్కడం స్త్రీకి అవసరం లేదని రాసిన మనిషి ఆమె. ఐరిష్ భాష ఇంట్లో తల్లి నోట బతకాలన్న వాదం ఆమెది. అలా రాస్తూనే దేశం మొత్తం మీద నిలిచిపోయే పార్టీ పేరు పెట్టింది. ఈ పాత్రికేయులందరూ ఒకే అభిప్రాయం ఉన్నవాళ్లని అనుకుంటే పొరపడతాం.

మాడ్ గాన్ ఇంకో తరహా. 1897లో పారిస్‌లో ‘లిర్లాండ్ లీబ్ర్’ అనే ఫ్రెంచి పత్రిక నడిపింది. 1900 ఏప్రిల్‌లో విక్టోరియా రాణి డబ్లిన్ వచ్చినప్పుడు ‘కరవు రాణి’ అన్న శీర్షికతో ‘యునైటెడ్ ఐరిష్‌మన్’లో ఆమె రాసిన వ్యాసం వల్ల ఆ సంచికను పోలీసులు ఎత్తుకెళ్లారు. రాణి పేరున పిల్లలకు విందు పెట్టారు కనుక, దానికి పోని పిల్లలకు తామే విందు పెడదామని స్త్రీలు పూనుకుంటే దాదాపు 30 వేల మంది పిల్లలు వచ్చారు. ఆ పనిలోంచి పుట్టిన సంఘమే ‘ఇన్యీన న హేరన్’, ఐర్లాండు కూతుళ్లు. గాన్ గురించి మెచ్చుకోలు రాసేవాళ్లు దాటవేసే సంగతి ఒకటి ఉంది. ఫ్రాన్సులో ఆమె తిరిగిన రాజకీయ వర్గం యూదుల పట్ల ద్వేషం నిండినది. ఆ ద్వేషం ఆమెకూ అంటింది, గ్రిఫిత్ పత్రికలోనూ అది అచ్చయింది. ఆకలి మీద ఆమె రాసిన మంచి వ్యాసాల పక్కనే దీన్నీ పెట్టి చదవాలి.

1908 నవంబరులో ఆ కూతుళ్లు పెట్టిన పత్రికే ‘బాన్ న హేరన్’. ధర ఒక పెన్నీ. సంపాదకురాలు హెలెనా మొలోనీ. పైపుటకు బొమ్మ గీసింది కాన్‌స్టెన్స్ మార్కీవిచ్. గ్రిఫిత్ అప్పటికి రాజును ఉంచుకుంటూనే వేరు పార్లమెంటు చాలని అంటున్నాడు. మొలోనీ బృందానికి అది చాలదు. పూర్తి స్వాతంత్ర్యం కావాలి, దానికి ఆయుధం పట్టవలసి వస్తే పట్టాలి, స్త్రీ మీద ఉన్న కట్టుబాట్లన్నీ పోవాలి. మూడూ ఒకే పత్రికలో. బయటికి చూస్తే మహిళా పత్రికే: ఫ్యాషన్ శీర్షిక ఉంది, వంటలున్నాయి, తోటపని ఉంది. ఫ్యాషన్ శీర్షికలో దేశవాళీ బట్టలే కట్టమని చెబుతారు. తోటపని శీర్షిక మార్కీవిచ్ రాసేది. నత్తలనూ పురుగులనూ ఏరి నలపడం గురించి చెబుతూ చెబుతూ ఆమె మాట ఐర్లాండులోని ఆంగ్లేయుల మీదకు మళ్లేది. ఎవరెవరు రాశారో చూడండి: కవి ఎ.ఈ., జేమ్స్ స్టీఫెన్స్, రోజర్ కేస్‌మెంట్, ‘జాన్ బ్రెనన్’ అనే మగ పేరు పెట్టుకున్న సిడ్నీ గిఫర్డ్. డబ్లిన్ బడి పిల్లలకు మధ్యాహ్నం భోజనం పెట్టాలని గాన్ ఈ పత్రికలో ఎత్తుకున్న పోరు 1914లో చట్టం దాకా వెళ్లింది.

ఈ పత్రికలో నేను మళ్లీ మళ్లీ తిరగేసే సంచిక 1909 నవంబరుది. అందులో హానా షీహీ స్కెఫింగ్‌టన్ షిన్ ఫేన్ గురించి, ఐరిష్ స్త్రీల గురించి రాసింది. ప్రాచీన ఐర్లాండులో స్త్రీకి గొప్ప స్థానం ఉండేదని చెప్పుకుని మురిసిపోతే నేటి స్త్రీకి ఒరిగేదేమీ లేదని, స్వేచ్ఛ వచ్చాక మీ వంతు మీకిస్తామన్న మాట నమ్మవద్దని ఆమె వాదన. మొలోనీ వర్గం దానికి ఒప్పుకోలేదు. శత్రువు పార్లమెంటును ఓటు అడగడమంటే ఆ పార్లమెంటును ఒప్పుకున్నట్టే కదా అని వాళ్లు నిలదీశారు. రెండు వైపులా బలమైన మాటలే. ఈ తగవు మగవాళ్ల పత్రికలో ఒక మూల ఉత్తరంగా పడలేదు. స్త్రీల పత్రికలో, స్త్రీలే తీర్చుకోవలసిన తగవుగా నెలల తరబడి సాగింది. ‘బాన్ న హేరన్’ 1911లో ఆగింది. ఆ ఏడే రాజు డబ్లిన్ పర్యటనలో అతని బొమ్మ మీద రాయి విసిరినందుకు మొలోనీ జైలుకెళ్లింది.

హానా అప్పటికే తన దారి వేసుకుంది. 1908లో ఆమె, మార్గరెట్ కజిన్స్ కలిసి ఐరిష్ మహిళా ఓటుహక్కు లీగ్ స్థాపించారు. 1912 మార్చిలో లండన్ పార్లమెంటులో ఓటుహక్కు బిల్లు ఓడిపోవడానికి ఐరిష్ పార్టీ సభ్యుల ఓట్లూ కారణమయ్యాయి. తర్వాతి నెలలో వచ్చిన స్వపరిపాలన బిల్లులో స్త్రీల ఓటు మాటే లేదు. ఆ దెబ్బకు పుట్టిందే ‘ఐరిష్ సిటిజన్’. తొలి సంచిక 1912 మే 25న వచ్చింది. విచిత్రం ఏమిటంటే సంపాదకులుగా పేర్లు ఇద్దరు భర్తలవి: ఫ్రాన్సిస్ షీహీ స్కెఫింగ్‌టన్, జేమ్స్ కజిన్స్. పెళ్లయ్యాక భార్య ఇంటిపేరును తన పేరులో కలుపుకున్న మనిషి ఫ్రాన్సిస్. అలాంటివాళ్లు కనుక పేరు వాళ్లదైనా పత్రిక లీగ్‌దే అయింది. జూన్‌లో హానా ప్రభుత్వ భవనం కిటికీ అద్దాలు పగలగొట్టి జైలుకెళ్లింది, ఆపైన బడి ఉద్యోగం పోయింది.

‘సిటిజన్’ చేసిన పనుల్లో చరిత్రకారులు ఎక్కువగా ఎత్తిచూపేవి ఓటు, యుద్ధ వ్యతిరేకత. నాకు ఎక్కువ విలువైనది కోర్టుల వార్త. భార్యను కొట్టినవాడికీ పిల్లల మీద అఘాయిత్యం చేసినవాడికీ ఎంత తక్కువ శిక్ష పడుతోందో స్త్రీలు కోర్టుకెళ్లి కూర్చుని రాసుకొచ్చేవారు. ఆ కేసుల విచారణప్పుడు స్త్రీలను హాలులోంచి బయటికి పంపడం అప్పటి మర్యాద. వీళ్లు కదలబోమన్నారు. ఏ దేశభక్తి పత్రికా పట్టించుకోని వార్త అది. 1914లో ‘కుమన్ న మాన్’ (స్త్రీల సంఘం) సాయుధ దళమైన ఐరిష్ వాలంటీర్ల సాయానికి ఏర్పడినప్పుడు హానా దాన్ని మొహమాటం లేకుండా విమర్శించింది. నిర్ణయాల్లో వాటా లేకుండా చందాలు పోగుచేయడానికి మాత్రం స్త్రీలు ఎందుకని అడిగింది. బరంపురం నుంచి వెళ్లిన వి. వి. గిరి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివిన రోజులు కూడా ఇవే, 1913 నుంచి 1916 దాకా.

గిరి డబ్లిన్‌లో ఉండగానే కజిన్స్ దంపతులు మన దేశానికి వచ్చారు. 1915లో అనీ బిసెంట్ నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో పనిచేయడానికి జేమ్స్ మద్రాసు చేరాడు. 1916 ఈస్టర్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసిన వ్యాసంతో ఆ ఉద్యోగం పోయింది. బిసెంట్ అతన్ని మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు పంపింది. మదనపల్లెలో మార్గరెట్ అబలా అభివర్ధిని సమాజం అనే చిన్న స్త్రీల సంఘంతో పని మొదలుపెట్టింది. పేరులోని ‘అబల’ ఆ డబ్లిన్ మనిషికి ఎలా వినిపించి ఉంటుందా అనుకుంటాను, టుల్లమోర్ జైల్లో నిరాహార దీక్ష చేసి వచ్చిన మనిషి కదా. 1917 మేలో అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ఏర్పడినప్పుడు ఈ మదనపల్లె అనుభవం ఆమె వెంట ఉంది. ఆ డిసెంబరులో సరోజినీ నాయుడు ముందు నిలిచి భారత వ్యవహారాల మంత్రి మాంటేగును ఓటు అడిగిన స్త్రీల బృందం వెనక మార్గరెట్ రాసిన ఉత్తరాలున్నాయి. 1918లో ఆ సంఘం తన పత్రిక ‘స్త్రీ ధర్మ’ మొదలుపెట్టింది. 1919లో రవీంద్రుడు మదనపల్లె వచ్చినప్పుడు జనగణమన బాణీకి ఆమె స్వరలిపి రాసిన సంగతి మనవాళ్లకు తెలుసు. ‘ఐరిష్ సిటిజన్’లో నేర్చుకున్న పాఠం, సంఘం పెట్టిన వెంటనే సంఘానికి సొంత పత్రిక ఉండాలన్నది, ‘స్త్రీ ధర్మ’లోకి వచ్చిందని నా నమ్మకం. మనవాళ్లు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివింది తక్కువ.

1916 తర్వాత డబ్లిన్‌లో పత్రిక పని ప్రాణాల మీదకు వచ్చింది. తిరుగుబాటులో తుపాకీ పట్టని శాంతివాది ఫ్రాన్సిస్, దుకాణాల దోపిడీ ఆపించబోయి సైనికులకు చిక్కాడు. ఏప్రిల్ 26న పోర్టోబెల్లో బ్యారక్స్‌లో విచారణ లేకుండా కాల్చేశారు. ఆజ్ఞ ఇచ్చిన అధికారికి మతిస్థిమితం లేదని తేల్చి వదిలించుకున్నారు. ప్రభుత్వం ఇవ్వజూపిన 10,000 పౌండ్లు హానా తీసుకోలేదు. అమెరికా వెళ్లి ఊరూరా ఉపన్యాసాలిచ్చింది. ఆ ఉపన్యాసాల కరపత్రాన్ని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. తిరిగొచ్చి ‘సిటిజన్’ సంపాదకత్వం తానే పట్టింది. 1920లో ప్రభుత్వ బలగాలు అచ్చుశాలలో అక్షరాలను చితక్కొట్టాక పత్రిక ఇక రాలేదు.

ఆ రోజుల్లోనే, బ్రిటిష్ పాలనకు పోటీగా డబ్లిన్‌లో పెట్టుకున్న తిరుగుబాటు పార్లమెంటు తరఫున ‘ఐరిష్ బులెటిన్’ వచ్చేది. 1919 నవంబరు 11న కొద్ది పదుల ప్రతులతో మొదలై విదేశీ పత్రికల బల్లల మీదకు వెళ్లేది. సంపాదకుల పేర్లు ప్రసిద్ధమే. స్టెన్సిల్ కొట్టింది, చేతియంత్రం తిప్పింది, పోలీసుల కన్ను కప్పి కట్టలు మోసింది కాథ్లీన్ మకెన్నా, ఆనా ఫిట్జ్‌సిమన్స్ లాంటి యువతులు. కార్యాలయం ఎన్నిసార్లు మార్చినా సంచిక ఆగలేదు. 1921 మార్చిలో ఆ కార్యాలయం బ్రిటిష్ బలగాలకు దొరికితే, ఆ యంత్రంతోనే దొంగ సంచికలు తీసి పంచిపెట్టారు.

1922 జనవరిలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం మీద ఆ తిరుగుబాటు పార్లమెంటులో ఓటింగ్ జరిగినప్పుడు సభలోని ఆరుగురు స్త్రీలూ వ్యతిరేకించారు. ఆ ఒప్పందం మీద వచ్చిన అంతర్యుద్ధంలో గెలిచిన పక్షం రచయితలు రక్తపాతానికి కారణం ఉన్మాదులైన స్త్రీలేనని రాశారు. ఓడిన పక్షంలో డొరొతీ మకార్డల్ ఉంది. 1922 నవంబరులో షిన్ ఫేన్ కార్యాలయంలో పట్టుబడి, జైల్లోనే కథలు రాసింది, కాలేజీ ఉద్యోగం పోగొట్టుకుంది. ఒప్పందాన్ని వ్యతిరేకించిన నాయకుడు డి వలెరా వర్గం దృష్టితో రాసిన ఆ కాలపు బృహత్ చరిత్ర ‘ది ఐరిష్ రిపబ్లిక్’ ఆమెదే. డి వలెరా ముందుమాటతో 1937లో వచ్చింది. అదే ఏడు అతను తెచ్చిన రాజ్యాంగం స్త్రీ స్థానం ఇల్లని రాసింది. మకార్డల్ అతనికి ఉత్తరం రాసి ఆ అధికరణాలను ఖండించింది. హానా వాటి మీద స్త్రీల పార్టీయే పెట్టింది. 1916 ప్రకటన మొదటి మాటల్లోనే ఐరిష్ పురుషులతో పాటు స్త్రీలనూ పిలిచిన దేశమది. ఇంటి స్థానం గురించిన ఆ అధికరణం ఇప్పటికీ పోలేదు. 2024 మార్చిలో దాన్ని మార్చడానికి పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి 73.9 మంది వద్దన్నారు. కొత్త పదజాలం నచ్చక వద్దన్నవాళ్లు అందులో చాలామంది.

ఇక పరిశోధన సంగతి. 1983లో మార్గరెట్ వార్డ్ రాసిన ‘అన్‌మేనేజబుల్ రెవల్యూషనరీస్’తో ఈ స్త్రీల సంఘాలకు మొదటిసారి ఒక వరుస చరిత్ర వచ్చింది. ఆమె ముగింపు కఠినమైనది: ఉద్యమం స్త్రీలను వాడుకుంది, వాళ్లూ కొంత ఒప్పుకున్నారు. 1996లో లూయీస్ రయన్ ‘ఐరిష్ సిటిజన్’ నుంచి రచనలు ఏరి సంకలనం చేశాక ఆ పత్రికను డబ్లిన్ గ్రంథాలయానికి వెళ్లకుండానే చదవగలిగాం. కారెన్ స్టీల్ 2007లో నేరుగా పత్రికారచన మీదే పుస్తకం రాసింది. ఫ్యాషన్, తోటపని లాంటి శీర్షికలను రాజకీయ రచనగా చదవడం ఆమె నేర్పింది. కాథరిన్ మోరిస్ 2012లో మిలిగన్‌ను మళ్లీ నిలబెట్టింది. మరుసటి ఏడు సెన్యా పాషెటా, జాతీయవాదానికీ స్త్రీవాదానికీ మధ్య గోడ మనం అనుకున్నంత ఎత్తు కాదని చూపింది. నాకు పాషెటా వాదన ఎక్కువ నచ్చుతుంది, వార్డ్ కోపాన్ని వదులుకోవడం మాత్రం ఇష్టం లేదు. పనిమనుషులూ, అచ్చుశాలలో అక్షరాలు పేర్చినవాళ్లూ, వీధిలో పత్రిక అమ్మినవాళ్లూ ఈ పుస్తకాలన్నిటిలోనూ ఇంకా అంచునే ఉన్నారు. డీలియా లార్కిన్ ‘ఐరిష్ వర్కర్’లో నడిపిన కార్మిక స్త్రీల శీర్షికకు దక్కవలసినంత చోటు దక్కలేదు.

1991లో వచ్చిన ఫీల్డ్ డే ఐరిష్ రచనల సంకలనం మూడు పెద్ద సంపుటాలు. పద్నాలుగు వందల ఏళ్ల సాహిత్యం. స్త్రీలు పలచగా అక్కడక్కడా. గొడవ జరిగాక స్త్రీల రచనలతోనే ఇంకో రెండు సంపుటాలు తేవడానికి పదకొండేళ్లు పట్టింది. సైనిక చరిత్ర విభాగం 1947 నుంచి 1957 దాకా సేకరించిన 1,773 వాంగ్మూలాలను 2003 దాకా ఎవరికీ చూపలేదు. హెలెనా మొలోనీ తన పత్రిక గురించి చెప్పింది అందులోనే ఉంది. ఆమె 1967లో పోయింది.

‘బులెటిన్’ స్టెన్సిళ్లు కొట్టిన కాథ్లీన్ మకెన్నా ఇటలీవాసిని పెళ్లాడి దూరదేశాల్లో బతికింది. తన జ్ఞాపకాలు రాసి పెట్టుకుని 1988లో కన్నుమూసింది. ఆ పుస్తకం 2014లో అచ్చయింది. అట్ట మీద ఉన్నది ఆమె పేరే.